100 లోపు ఆనంద సంఖ్యలు 20 రావాలి, నాకు 19 వస్తున్నాయి. ఒకటి ఎక్కడ పోయింది?

1. కొత్త_కోడర్
సంఖ్య తీసుకో, ప్రతి అంకెనీ వర్గం చెయ్యి, అన్నీ కూడు, వచ్చినదానితో మళ్లీ అదే పని. చివరికి 1 వస్తే ఆనంద సంఖ్య, అదే హ్యాపీ నంబర్. లెక్క ఇంతే కదా. నా ప్రోగ్రామ్ సంఖ్య 9 కంటే పెద్దగా ఉన్నంతసేపు వర్గాల మొత్తం తీస్తూ పోతుంది. ఒక్క అంకె మిగలగానే ఆగి, అది 1 అయితే అవును, లేదంటే కాదు అంటుంది.

100 వరకు 20 రావాలి, నాకు 19. 1000 వరకు 143 రావాలి, నాకు 142. లూప్ హద్దు తప్పిందేమోనని 1, 100, 1000 మూడూ చూశాను, ఉన్నాయి. సరే ఒక్కటే తేడా అనుకుంటే, 10000 దాకా పోయేసరికి 1442 బదులు 1437 వచ్చింది. తేడా ఐదుకి ఎలా పెరిగింది?

ఇంకో అనుమానం కూడా ఉంది. ఏదో ఒక సంఖ్య దగ్గర ఈ గొలుసు పెరుగుతూ పెరుగుతూ పోయి ఎప్పటికీ ఆగకపోతే?

2. సున్నా_ఒకటి
నీ జాబితాలో 7 ఉందా?

3. కొత్త_కోడర్
లేదు! 1 తర్వాత నేరుగా 10 ఉంది.

4. సున్నా_ఒకటి
అదే మరి. 7 → 49 → 97 → 130 → 10 → 1. ఐదు అడుగుల్లో 1కి చేరుతుంది. నీ ప్రోగ్రామ్ మాత్రం ఒక్క అంకె కనపడగానే ఆగుతోంది కాబట్టి 7 దగ్గర అసలు మొదలే పెట్టట్లేదు.

మిగతా నాలుగూ ఇవి: 1112, 1121, 1211, 2111. వర్గాలు కూడితే 7 రావాలంటే 4+1+1+1 కావాలి, లేదా ఏడు 1లు కావాలి. అంటే కనీసం నాలుగు అంకెలు ఉండాలి. అందుకే 1000 లోపు 7 ఒక్కటే జారిపోయింది, 10000 లోపు ఐదు పోయాయి.

5. హన్మకొండ_హనుమ
చివర్ల 1 లేదా 7 అని పెట్టు బ్రో, అయిపోయె. మిగిలిన 2, 3, 4, 5, 6, 8, 9 ఒక్కటి గూడ 1కి పోదు.

6. పావని_పైథాన్
@హనుమ, జవాబు సరిగ్గానే వస్తుంది. కానీ రేపు ఆ కోడ్ చదివేవాళ్లకి 7 ఎందుకుందో తెలియాలి కదా. 1 గానీ 4 గానీ వచ్చేదాకా తిప్పడం మేలు. 1 వస్తే అవును, 4 వస్తే కాదు. మూడో దారి లేదు.

7. కొత్త_కోడర్
4 ఒక్కటే ఎందుకు? 2, 3, 5 దగ్గర ఇరుక్కోదా?

8. లెక్కల_మాస్టారు
ఇరుక్కోదు నాయనా. 1కి చేరని ప్రతి సంఖ్యా చివరికి ఒకే గుండ్రంలో పడుతుంది:

4 → 16 → 37 → 58 → 89 → 145 → 42 → 20 → 4

మొత్తం ఎనిమిది సంఖ్యలు. ఈ ఎనిమిదింటి మీదే ఆర్థర్ పోర్జెస్ 1945లో అమెరికన్ మ్యాథమెటికల్ మంత్లీలో వ్యాసం రాశారు. 4 ఈ గుండ్రంలో ఉంది కాబట్టి, తిరిగే ప్రతి గొలుసూ ఎప్పుడో ఒకప్పుడు 4ని తాకాల్సిందే. కావాలంటే 4 బదులు 89 పెట్టుకో, 145 పెట్టుకో. ఎనిమిదిలో ఏదైనా ఒకటే.

9. గోదారి_గట్టు
పెరుగుతూ పోతుందేమోనన్న అనుమానానికి: నాలుగంకెల సంఖ్య ఎంత చిన్నదైనా 1000. దాని వర్గాల మొత్తం ఎంత పెద్దదైనా 81 × 4 = 324. ఐదంకెలైతే 10000 ఎక్కడ, 405 ఎక్కడ. అంకెలు పెరిగే కొద్దీ సంఖ్య పదింతలవుతుంది, మొత్తానికి మాత్రం 81 కలుస్తుందంతే. కాబట్టి 1000 దాటిన సంఖ్య తప్పకుండా దిగుతుంది. మూడంకెల్లో అతి పెద్ద మొత్తం 999కి, అది 243. కాబట్టి 1 నుంచి 243 వరకు ఒక్కొక్కటీ చూసేస్తే రుజువు పూర్తయినట్టే.

10. లెక్కల_మాస్టారు
243 దాకా అక్కర్లేదండీ, 99 చాలు. మూడంకెల సంఖ్య అంకెలు అ, ఆ, ఇ అనుకోండి. సంఖ్య లోంచి వర్గాల మొత్తం తీసేస్తే మిగిలేది:

అ × (100 − అ) + ఆ × (10 − ఆ) − ఇ × (ఇ − 1)

మొదటి ముక్క కనీసం 99. రెండోది ఎప్పుడూ సున్నా కంటే తగ్గదు. మూడోది మహా అయితే 72. అంటే ప్రతి అడుగులోనూ కనీసం 27 దిగుతుంది. సరిగ్గా 27 దిగేది 109: 1 + 0 + 81 = 82. ఇలా దిగుతూ దిగుతూ 99 లోపలికి రావాల్సిందే. ఆ తర్వాత కాగితం మీద చేసుకోవచ్చు, కంప్యూటర్ అవసరం లేదు.

11. గోదారి_గట్టు
ఇది నాకు తట్టలేదు మాస్టారూ. 243 దగ్గరే ఆగిపోయాను.

12. చిట్టి_లెక్క
కాగితం మీద చేసేవాళ్లు ముందుకి కాకుండా వెనక్కి నడవండి. 99 గొలుసులు రాయక్కర్లేదు, అరపేజీ చాలు. ప్రతిసారీ ఒకటే ప్రశ్న: ఈ సంఖ్య రావాలంటే ఏ రెండు వర్గాలు కూడాలి?

1కి వచ్చేవి 10, 100.
10 = 1+9, కాబట్టి 13, 31.
13 = 4+9, కాబట్టి 23, 32.
32 = 16+16, కాబట్టి 44.
100 = 36+64, కాబట్టి 68, 86.
68 = 4+64, కాబట్టి 28, 82.
82 = 1+81, కాబట్టి 19, 91.

31, 23, 44, 86, 28, 19, 91 దగ్గర కొమ్మ ఆగిపోతుంది, ఏ రెండంకెల వర్గాలు కూడినా అవి రావు. ఇక్కడిదాకా లెక్కపెడితే 14. చాలామంది ఇక్కడే జాబితా ముగించేస్తారు. మర్చిపోయేది 130ని. 130లోని అంకెల వర్గాలు కూడితే 10 వస్తుంది కాబట్టి అదీ ఆనంద సంఖ్యే, పైగా రెండంకెల సంఖ్యల నుంచి దానికి దారి ఉంది:

130 = 49+81, కాబట్టి 79, 97.
97 = 16+81, కాబట్టి 49, 94.
49 = 49+0, కాబట్టి 7, 70.

ఈ ఆరూ కలిస్తే 20. మన కొత్త_కోడర్‌ దగ్గర జారిపోయిన 7 ఈ కొమ్మకి చిట్టచివర ఉంది చూడండి.

13. సున్నా_ఒకటి
దీనికి చిన్న చేర్పు. రెండంకెల సంఖ్యల నుంచి 100కి తగ్గని మొత్తాలు ఎనిమిదే వస్తాయి: 100, 106, 113, 117, 128, 130, 145, 162. వాటిలో 100, 130 మాత్రమే మంచివి. మిగతా ఆరూ 4 గుండ్రంలోకి పోతాయి. కాబట్టి ఇంకో కొమ్మ ఎక్కడైనా మిగిలిందేమోనన్న బెంగ అక్కర్లేదు.

14. బెజవాడ_బైక్
మా వాడు 9999 ఫ్యాన్సీ నంబర్ కోసం తెగ తిరుగుతున్నాడు. ఇది ఆనంద సంఖ్యేనా?

15. చిట్టి_లెక్క
9999 → 324 → 29 → 85 → 89. గుండ్రంలో పడింది. 7777 కూడా అంతే, చివరికి 89కే వస్తుంది. 0001 దొరికితే తీసుకోమనండి :)

16. బెజవాడ_బైక్
వాడికి చెప్పను. కూడితే 9 రావాలి, అదొక్కటే వాడికి కావాల్సింది.

17. నిజాం_నోట్స్
ఇంతకీ మీరంతా చెప్పేది కాప్రేకర్ హర్షద సంఖ్యల గురించే కదా? హర్షం అంటే ఆనందమే.

18. లెక్కల_మాస్టారు
కాదండీ. పేర్లు దగ్గరగా ఉండటం వల్ల ఈ రెంటినీ తరచూ కలిపేస్తుంటారు. మహారాష్ట్రలో నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడిపంతులుగా చేసిన డి.ఆర్. కాప్రేకర్ చెప్పిన హర్షద సంఖ్య వేరు. అంకెల మొత్తంతో ఆ సంఖ్యకి నిశ్శేషంగా భాగం పోవాలి. అందులో వర్గాలు లేవు, మళ్లీ మళ్లీ చెయ్యడమూ లేదు. 18 హర్షద సంఖ్య, ఎందుకంటే 1+8 = 9తో భాగం పోతుంది. కానీ 18 → 65 → 61 → 37, కాబట్టి ఆనంద సంఖ్య కాదు. 13 దీనికి తలకిందులు: ఆనంద సంఖ్యే, కానీ 4తో భాగం పోదు. 10 రెండూనూ. ఆయన పేరుమీద ఉన్న 6174ని చూసినా 102 → 5 → 25 → 29 → 85 → 89, గుండ్రంలోకే.

19. నిజాం_నోట్స్
ఓహో. నేను రెండూ ఒకటే అనుకుని నోట్స్‌లో రాసుకున్నాను, ఇప్పుడే కొట్టేశా.

20. పావని_పైథాన్
ఈ లెక్క రాసేటప్పుడు 7 గొడవ కాక ఇంకా నాలుగు చోట్ల తప్పులు పడతాయి.

మొత్తాన్ని దాచే చరరాశిని బయటి లూప్ తిరిగిన ప్రతిసారీ సున్నా చెయ్యాలి. మర్చిపోతే పాత మొత్తం మీద కొత్తది పేరుకుపోతుంది. 19కి మొదటి అడుగు 82 సరిగ్గా వచ్చి, రెండో అడుగులో 68 బదులు 150 వస్తే కారణం ఇదే.

పైథాన్ 3లో అంకె తీశాక 10తో భాగించడానికి ఒక్క గీత (/) పెడితే దశాంశం వస్తుంది. 1.9, 0.19, 0.019 అంటూ వందల సార్లు తిరిగి చివరికి ఏదో చెత్త మొత్తం ఇస్తుంది. రెండు గీతలు (//) పెట్టాలి.

సీ భాషలో వర్గానికి పవర్ ఫంక్షన్ వాడొద్దు. అది దశాంశాల్లో పనిచేస్తుంది. కొన్ని కంపైలర్లలో 5 వర్గం 24.999… అయి, పూర్ణసంఖ్యలోకి మార్చేటప్పుడు 24గా తెగిపోతుంది. అప్పుడు 356కి 70 బదులు 69 వచ్చి, గొలుసు దారి తప్పుతుంది. అంకెని అంకెతోనే గుణిస్తే చాలు.

నాలుగోది, 0ని ఇన్‌పుట్‌గా ఇస్తే 0 దగ్గరే ఉండిపోతుంది. 1 కాదు, 4 కాదు, లూప్ ఆగదు. ముందే పక్కన పెట్టాలి.

పరీక్షకి నేను వాడేవి: 1, 7, 19, 356, 1111111 అవును అనాలి. 2, 4, 20, 145 కాదు అనాలి. ఏడు 1ల సంఖ్య ముఖ్యం, ఎందుకంటే దాని మొదటి మొత్తమే 7.

21. హన్మకొండ_హనుమ
లీట్‌కోడ్ సైట్ల 202వ లెక్క గిదే కదా అక్కా. సెట్ల అన్నీ దాచుకుంట పోతే పాసయితది. కానీ అదనపు మెమరీ లేకుండ చెయ్యమంటే?

22. పావని_పైథాన్
తాబేలు-కుందేలు పద్ధతి, ఫ్లాయిడ్‌ది. తాబేలు ఒక్కో అడుగు, కుందేలు రెండేసి అడుగులు. ఇద్దరూ కలిసేది 1 దగ్గరైతే ఆనంద సంఖ్య, ఇంకెక్కడైనా అయితే కాదు. చాలామంది చేసే తప్పు: ఇద్దరినీ ఒకే సంఖ్య దగ్గర నిలబెట్టి, కదలకముందే కలిశారా అని చూస్తారు. మొదటి క్షణంలోనే కలిసినట్టు తేలి లూప్ ముగిసిపోతుంది. కుందేల్ని ఒక అడుగు ముందు పెట్టి మొదలుపెట్టాలి.

23. సున్నా_ఒకటి
నిజానికి ఈ లెక్కకి తాబేలూ కుందేలూ అనవసరం. ఎక్కడ తిరుగుతుందో ముందే తెలిసినప్పుడు 4 వచ్చిందా అని చూస్తే సరిపోతుంది.

24. పావని_పైథాన్
ఒప్పుకోను. ఇంటర్వ్యూలో అడిగేవాళ్లు చూసేది గుండ్రాన్ని పట్టే పద్ధతి తెలుసా అని. 4 అని రాస్తే వెంటనే "ఎందుకు 4?" అంటారు. అప్పుడు మాస్టారి 10వ పోస్ట్ మొత్తం బోర్డు మీద రాసి చూపించగలిగితే సరే.

25. సున్నా_ఒకటి
అది చూపించడమే ఎక్కువ విలువైన జవాబు అంటాను. ఇంకో సంగతి: లీట్‌కోడ్‌లో ఇన్‌పుట్ 2147483647 దాటదు. ఆ హద్దులో అతి పెద్ద మొత్తం 1999999999కి వస్తుంది: 1 + 9 × 81 = 730. అంటే ఒక్క అడుగు వేశాక అంతా 730 లోపలే. 731 గళ్ల పట్టిక ఒకసారి నింపి పెట్టుకుంటే ఏ సంఖ్యకైనా ఒక్క అడుగు, ఒక్క చూపు.

26. కొత్త_కోడర్
కోటి వరకు లెక్కపెట్టాలంటే? ప్రాజెక్ట్ ఆయిలర్ సైట్‌లో 92వ లెక్క అదే. నాది ఒక్కో సంఖ్యకీ పూర్తి గొలుసు తిప్పుతోంది, చాలాసేపు పడుతోంది.

27. గోదారి_గట్టు
జవాబు ఇక్కడ రాయొద్దు, దారి చెప్తాను. అంకెల వరుసతో పని లేదు: 19, 91, 109, 910 అన్నిటికీ మొత్తం ఒక్కటే. కాబట్టి సంఖ్యల్ని కాదు, మొత్తాల్ని లెక్కపెట్టు.

0 నుంచి 567 వరకు గళ్లు పెట్టు, ఏడు 9ల మొత్తం 567 కాబట్టి. మొదట 0 గడిలో 1, మిగతావన్నీ సున్నా. ఒక అంకె చేర్చడమంటే, ప్రతి గడిలో ఉన్న లెక్కని 0, 1, 4, 9, 16, 25, 36, 49, 64, 81 దూరంలో ఉన్న పది గళ్లలోకీ కలపడం. కలిపేటప్పుడు కొత్త పట్టికలోకి రాయి. అదే పట్టికలో రాస్తే ఒకే అంకె రెండుసార్లు పడుతుంది. ఇలా ఏడుసార్లు చేస్తే 40,000 కూడికలకి మించవు, కోటి గొలుసులు తిప్పే పని లేదు. తర్వాత ఏ మొత్తం ఎటు పోతుందో చూసి ఆ గళ్లు కూడు.

మధ్యలో సరిచూసుకోవడానికి: రెండంకెలయ్యాక 50 గడిలో 3 ఉండాలి. అవి 17, 71, 55. అన్ని గళ్లూ కూడితే 100 రావాలి. చివర్లో 0ని తీసెయ్యడం మర్చిపోకు, అది 1కీ పోదు, 89కీ పోదు.

28. కొత్త_కోడర్
50 గడిలో 3 వచ్చింది! మొత్తం కూడా కన్ను మూసి తెరిచేలోపు వచ్చేసింది.

29. నిజాం_నోట్స్
1000కి 143, 10000కి 1442, లక్షకి 14377, పది లక్షలకి 143071. అంటే ప్రతి ఏడింటిలో ఒకటి ఆనంద సంఖ్య అని సూత్రం రాసుకోవచ్చా?

30. లెక్కల_మాస్టారు
రాయకండి. కనపడే స్థిరత్వం మోసపుచ్చుతుంది. జస్టిన్ గిల్మర్ 2013లో ప్రచురించిన వ్యాసంలో దీనికి అవధి లేదని చూపించారు. సంఖ్యల హద్దుని పెంచుకుంటూ పోతే ఈ నిష్పత్తి మళ్లీ మళ్లీ 0.18 దాటుతుంది, మళ్లీ మళ్లీ 0.12 కిందికి దిగుతుంది. ఒక చోట కుదురుకోదు.

31. నిజాం_నోట్స్
ఎందుకని?

32. గోదారి_గట్టు
0 నుంచి 9 వరకు వర్గాలు కూడితే 285, సగటు 28.5. కాబట్టి వెయ్యి అంకెల సంఖ్యని గుడ్డిగా ఎంచుకుంటే దాని మొత్తం 28,500 చుట్టుపక్కలే పడుతుంది. ప్రామాణిక విచలనం సుమారు 849, అంటే దాదాపుగా అన్నీ 26,000 – 31,000 మధ్యలోనే. అంటే వెయ్యి అంకెల సంఖ్యల్లో ఆనంద సంఖ్యల వాటాని నిర్ణయించేది ఆ చిన్న కిటికీలో ఉన్న సంఖ్యలే. ఆ కిటికీలో ఆనంద సంఖ్యలు దట్టంగా ఉంటే వాటా పెరుగుతుంది, పలచగా ఉంటే తగ్గుతుంది. అంకెలు పెరిగే కొద్దీ కిటికీ పక్కకి జరుగుతుంది, దూరంతో పోలిస్తే ఇంకా సన్నబడుతుంది. దట్టంగా ఉన్నచోట పడేలా అంకెల సంఖ్యని ఎంచుకోవచ్చు, పలచగా ఉన్నచోట పడేలానూ ఎంచుకోవచ్చు. అందుకే కుదురు లేదు.

33. చిట్టి_లెక్క
అడుగుల లెక్క మీద ఎవరూ రాయలేదేం? 1కి చేరడానికి సరిగ్గా ఇన్ని అడుగులు పట్టే అతి చిన్న సంఖ్య ఏది అని చూస్తే: ఒకటికి 10, రెంటికి 13, మూడుకి 23, నాలుగుకి 19, ఐదుకి 7. ఆరుకి 356. ఏడుకి 78999, దాని మొత్తం 356. ఎనిమిదికి ఏం కావాలో చూడండి: 3788 రాసి దాని పక్కన 973 తొమ్మిదులు. మొత్తం 977 అంకెలు. సరిచూసుకోండి: 9+49+64+64 = 186, 973 × 81 = 78,813, కలిపితే 78,999.

34. హన్మకొండ_హనుమ
ఏడుకి ఐదంకెలు, ఎనిమిదికి 977 అంకెలా! మరి తొమ్మిదికి?

35. చిట్టి_లెక్క
ఆ 977 అంకెల సంఖ్యే మొత్తంగా రావాలి కదా. ఒక్కో అంకె ఇచ్చేది మహా అయితే 81. అంటే ఆ సంఖ్యని 81తో భాగిస్తే ఎంతొస్తుందో సుమారుగా అన్ని అంకెలు కావాలి. అంకెల సంఖ్యే 975 అంకెల సంఖ్య. దాన్ని రాయడానికి కాగితం ఎక్కడా దొరకదు.

36. సున్నా_ఒకటి
7 పెట్టే పద్ధతి మీద 6వ పోస్ట్‌కి మద్దతుగా: బేస్ (సంఖ్యలు రాసే ఆధారం, మామూలుగా పది) మారితే అంతా మారిపోతుంది. బేస్ 2లోనూ బేస్ 4లోనూ ప్రతి సంఖ్యా ఆనంద సంఖ్యే, ఇరుక్కునే గుండ్రమే లేదు. బేస్ 3లో 5ని 12 అని రాస్తాం, 1+4 = 5, అక్కడే నిలిచిపోతుంది. 8ని 22 అని రాస్తాం, 4+4 = 8, అదీ అంతే. కాబట్టి బేస్ మార్చి ఆడుకునేవాళ్లకి 4 కూడా పనికిరాదు, 7 కూడా పనికిరాదు. అక్కడ సెట్ గానీ తాబేలు-కుందేలు గానీ కావాల్సిందే.

37. పావని_పైథాన్
24లో నేను చెప్పిందీ అదే :)

38. కొత్త_కోడర్
1442 సరిపోయింది. 4 వచ్చేదాకా తిప్పాను. జాబితా చూస్తుంటే 31, 32 పక్కపక్కన ఉన్నాయి. 1880, 1881, 1882 మూడు వరుసగా ఉన్నాయి. 7839 నుంచి 7842 వరకు నాలుగు. ఇది యాదృచ్ఛికమా?

39. లెక్కల_మాస్టారు
188లోని అంకెల వర్గాల మొత్తం 129. 784దీ 129. చివర 0, 1, 2 చేరిస్తే 129, 130, 133. ఈ మూడూ ఆనంద సంఖ్యలే. 129 → 86 → 100 → 1, 130 → 10 → 1, 133 → 19 → 82 → 68 → 100 → 1. కాబట్టి మొత్తం 129 వచ్చే ఏ సంఖ్యకైనా పక్కన 0, 1, 2 పెడితే మూడు వరుస ఆనంద సంఖ్యలు వస్తాయి. చివర 3 పెడితే 138 → 74 → 65 → 61 → 37, అక్కడ తెగుతుంది. ఇంకా పొడుగు కావాలంటే ఎడమ వైపు చూడాలి. 7839కి మొత్తం 203 → 13 → 10 → 1, అందుకే నాలుగైంది.

వరుస ఎంత పొడుగు కావాలంటే అంత దొరుకుతుందని ఎల్-సెదీ, సిక్సెక్ 2000లో నిరూపించారు.

40. గోదారి_గట్టు
ఐదు వరుసగా వచ్చే మొదటి చోటు 44488 నుంచి 44492. అక్కడా 4449 మొత్తం 16+16+16+81 = 129. ఎడమ వైపు 44488కి 176 → 86 → 100 → 1, 44489కి 193 → 91 → 82 → 68 → 100 → 1.

41. కొత్త_కోడర్
మూడంకెల్లో 129 వచ్చేవి వెతికాను. 188, 478, 487, 748, 784, 818, 847, 874, 881. తొమ్మిదే. 4780, 4781, 4782 చేత్తో చేసి చూశాను, మూడూ 1కే వచ్చాయి. ఇప్పుడు 8180 మొదలుపెడుతున్నా.